బరువు పెంచని పనితనం

సూరత్ నుంచి తూర్పుకు బయల్దేరి బార్డోలీ, వ్యారా దాటి వఘయి వైపు సాగితే చెరకు తోటలు వెనకబడి టేకు అడవి మొదలవుతుంది. అదే డాంగ్ జిల్లా. నల్లరాతి కొండలు, వెదురు పొదలు, మధ్యలో అంబిక, పూర్ణ, ఖాప్రీ, గిరా నదులు. సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా పేటల తెలుగువాళ్లకు ఈ దారి కొత్తది కాదు, సాపుతారా కొండకు వెళ్లేది ఇటే. కానీ తారు రోడ్డు దిగి, ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ నలిపిన బాట పట్టినప్పుడే బండి తయారీ ఎటువంటిదో బయటపడుతుంది. అక్కడ ప్రాణాంతకమైన లోయలేమీ ఉండవు. గుండ్రాళ్లు, వాన కోసిన గాడులు, వాన వెలిశాక కూడా తొందరగా ఆరని బంకమట్టి, అంతే. షోరూము నుంచి వచ్చిన బండిని దాదాపు వచ్చినట్టే నడపదగ్గ దారులవి. అలాంటి దారి కోసం ఎంత ఆలోచించి బండి కట్టవచ్చో చూపడానికి మారుతి సుజుకీ జిమ్నీని మించిన ఉదాహరణ నాకు కనపడదు.

ముందే ఒక మాట. ఈ బండి గొప్పతనం శక్తిలో లేదు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, సుమారు 103 హార్స్‌పవర్, 134 న్యూటన్ మీటర్ల టార్క్. నేటి లెక్కల్లో మామూలే. దీని గొప్పతనమంతా ఎక్కడ ఎంత చాలో తెలిసి అక్కడే ఆగడంలో ఉంది. అయిదు తలుపులు, నలుగురికి చోటు, అడుగున నిచ్చెన ఛాసిస్, ముందూ వెనకా దిట్టమైన ఇరుసులు. ఇంతా కలిపి బరువు దాదాపు 1,200 కిలోలే. బురదలో ప్రతి కిలో లెక్కకొస్తుంది. బరువైన బండి తన బరువుతోనే దిగబడుతుంది, దాన్ని బయటికి లాగడానికి ఇంకా బరువైన బండి కావాలి. జిమ్నీ అయితే నలుగురు మనుషులూ ఒక తాడూ ఉంటే తరచు బయటపడుతుంది.

ఈ పొదుపు వంశంలోనే ఉంది. 1970లో సుజుకీ తెచ్చిన మొదటి జిమ్నీ, ఎల్‌జే10 ఇంజను 359 సీసీ మాత్రమే, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్. ఆ సంతతిదే మన జిప్సీ. 1985లో వచ్చి సైన్యంలో, పోలీసు శాఖలో, అభయారణ్యాల్లో దశాబ్దాలు పనిచేసింది. 2018లో నాలుగో తరం జిమ్నీ వచ్చింది. దాని అయిదు తలుపుల రూపం 2023 జూన్‌లో మన మార్కెట్‌లోకి దిగింది. తయారయ్యేది గురుగ్రామ్‌లో. 2025 ఆరంభంలో ఇదే బండి 'నోమేడ్' పేరుతో జపాన్ చేరితే నాలుగైదు రోజుల్లోనే 50 వేల దాకా ఆర్డర్లు వచ్చాయి, బుకింగులు ఆపేయవలసి వచ్చింది. పుట్టింటివాళ్లే వరుస కట్టి కోరుకున్న బండి మన దేశపు కార్మికుల చేతిలో తయారవుతోంది.

ఇక బండి కిందికి వంగి చూద్దాం. రెండు పొడుగు దూలాలు, వాటిని కలిపే అడ్డపట్టీలు, అదే నిచ్చెన ఛాసిస్. నాలుగో తరంలో దీని మధ్యలో ఎక్స్ ఆకారపు బిగింపు చేర్చారు. మెలితిప్పినా వంగని గుణం పాతదానికన్నా ఒకటిన్నర రెట్లయింది. ఒక చక్రం గట్టు మీద, ఎదురు మూలది గుంటలో ఉన్నప్పుడు ఆ మెలికను మోసేది ఈ చట్రమే. అద్దాలూ తలుపులూ ఉన్న పై డొప్పకు ఆ బాధ చాలావరకు చేరదు.

ఈ బండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇరుసులు. నేటి ఎస్‌యూవీల్లో చాలావాటికి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. తారు మీద ఆ సుఖం వేరు. జిమ్నీలో ముందూ వెనకా కూడా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ ఒకే ఇరుసు కలుపుతుంది. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు కావడిబద్దలా ఒరిగి రెండో చక్రాన్ని నేలకు అదుముతుంది. పట్టు పోదు. పైగా ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ గుండు చక్రాలతో పాటే లేస్తుంది కాబట్టి, స్ప్రింగులు ఎంత అణిగినా దాని కింది ఖాళీ తగ్గదు. 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ అంత నమ్మకంగా పనికొచ్చేది అందుకే.

గేరు రాడ్డు పక్కన చిన్న లివరు ఉంటుంది. టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. పాత తరంలో కొన్ని మార్కెట్లలో బటన్లు పెట్టారు. నాలుగో తరంలో మళ్లీ లివరుకే వచ్చారు. పళ్లు పడ్డాయో లేదో చేతికి తెలుస్తుంది, అది మంచి నిర్ణయం. ఫోర్ లోలో చక్రాలకు చేరే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలేసి, కాలు యాక్సిలరేటర్ మీద తేలిగ్గా ఆనించి గుండ్రాళ్ల మీద పాకించవచ్చు. చిన్న ఇంజనే చాలిందంటే ఈ గేర్ల పుణ్యమే. మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి పొడి తారు మీద ఫోర్ హైలో మలుపులు తిప్పకూడదు, లోపల బిగుసుకుంటుంది. మట్టిలో చక్రాలు కొంచెం జారి ఆ బిగుతు తీరిపోతుంది.

ఎదురెదురు మూలల చక్రాలు రెండూ గాలిలో తేలితే మామూలుగా శక్తంతా వాటికే పోయి బండి కదలదు. ఇక్కడ బ్రేకు పని చేస్తుంది. ఊరికే తిరిగే చక్రాన్ని పట్టి ఆపి, శక్తిని నేల మీదున్న చక్రానికి మళ్లిస్తుంది. టకటకమని చప్పుడు వస్తుంది, బండి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. కాలు తీయకుండా నిలకడగా ఉంచితే లేచి ముందుకు నడుస్తుంది.

స్టీరింగు కూడా పాత రీసర్క్యులేటింగ్ బాల్ పద్ధతే, తోడుగా డాంపర్ ఉంది. రాయి దెబ్బ బొటనవేళ్ల దాకా రాదు. హైవే మీద కాస్త మందంగా అనిపించడం దానికి కట్టే సుంకం. మూలల్లో పైకి కోసిన బంపర్లు, సీట్లోంచి రెండంచులూ కనపడే బల్లపరుపు బానెట్, నేల కనపడేలా ముందు కిటికీ అంచులో దించిన వంపు, తలుపు తీస్తే వాననీళ్లు ఒళ్లో పడకుండా కప్పు అంచున కాలవ. ఇవన్నీ అడవి దారిలో నడిపినవాడి అవసరం నుంచి వచ్చినవి.

లోపం లేదనను. మూడు తలుపుల జిమ్నీ కన్నా దీని వీల్‌బేస్ 340 మిల్లీమీటర్లు ఎక్కువ, మొత్తం 2,590. అందుకే ముందు గట్టెక్కే కోణం 36 డిగ్రీలు ఉన్నా, నడుము కింద కోణం 28 నుంచి 24కు తగ్గింది. కాలవ గట్టు దాటేటప్పుడు పొట్ట తగిలే ప్రమాదం ఉంది. నేరుగా కాక ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా వెళితే చాలావరకు తప్పుతుంది.

మరి ఏం మార్చాలి? చాలా తక్కువ. మట్టి పట్టే టైర్లు, అదీ కంపెనీ కొలతలోనే, 195/80 ఆర్15. గాలి కొట్టే చిన్న కంప్రెసర్, ప్రెషర్ గేజి, మంచి లాగుడు తాడు. బాట మీదికి దిగేముందు టైర్లలో 18–20 పీఎస్ఐ దాకా గాలి తగ్గిస్తే అవి నేలను వెడల్పుగా పట్టుకుంటాయి. తారెక్కే ముందు మళ్లీ నింపాలి. స్ప్రింగులు ఎత్తడం, పెద్ద చక్రాలు వేయడం ఈ దారులకు అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా తయారీదారు కొలతలు మార్చడాన్ని కట్టడి చేస్తుంది. ఎత్తిన కొద్దీ బరువు పైకి చేరి, బండి పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది. తూచి పెట్టిన లెక్కను మనమే చెడగొట్టుకున్నట్టవుతుంది.

వెళ్లే చోటూ ముఖ్యమే. పూర్ణ అభయారణ్యంలో అటవీశాఖ అనుమతించిన దారి దాటకూడదు. గిరిజనుల రాగి చేలలోకి చక్రం దిగకూడదు. వరద పారే కాజ్‌వేను ఏ బండితోనూ దాటే ప్రయత్నం చేయకూడదు, కదిలే నీళ్లు మోకాలి లోతున్నా బండిని ఈడ్చుకుపోగలవు. సూరత్ దగ్గరి డుమస్ తీరపు బురదకూ ఇదే మాట. ఖంభాత్ అఖాతంలో ఆటుపోట్లు చాలా పెద్దవి, అక్కడ దిగబడ్డ బండి మీదికి నీళ్లు వచ్చేస్తాయి.

కొత్తగా ఈ బండి కొన్నవాళ్లను నేను కోరేది ఒక్కటే. విడిభాగాల దుకాణానికి వెళ్లేముందు ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దీన్ని ఉన్నదున్నట్టు నడపండి. ఎక్కడ ఆగిపోయిందో, ఆగింది బండి వల్లో మన చేతి వల్లో రాసిపెట్టుకోండి. ఈ బండిని కట్టినవాళ్లు అక్కర్లేని బరువు ఒక్కటీ ఎక్కించలేదు. నడిపే మనకూ అదే నియమం వర్తిస్తుంది.