కాటిసీనులో మాట వినబడాలి

ఆష్టిలో మనవాళ్లు ఆడిన హరిశ్చంద్ర నాటకం చూశాను. పగలు పొలమో కొట్టో చూసుకుని, రాత్రిళ్లు రిహార్సల్సు వేసుకున్న ఔత్సాహికులు వీరు. మరాఠీ బడి తప్ప మరొకటి ఎరగని పిల్లలున్న చోట బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యాలు కంఠతా పట్టడం చిన్న విషయం కాదు. అందుకు మెచ్చుకుంటూనే ఒక సంగతి చెప్పక తప్పదు.

ఈ నాటకానికి ప్రాణం కాటిసీను. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని చంద్రమతి ఏడుస్తుంటే, కాటికాపరి అయిన భర్తే సుంకం అడగాలి. బరువంతా ఆ అడగడంలో ఉంది. హరిశ్చంద్ర వేషధారిది మంచి గొంతు. కాని పద్యం చివర రాగం అందుకున్నాక ఆయన వెంట హార్మోనియం, హార్మోనియం వెంట ఆయన! ఈలలు పడ్డాయి. వన్స్‌మోర్ అన్నారు. కొడుకు శవం ముందు తండ్రి అదే పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. ఏడుపుకు కూడా వన్స్‌మోరా? చంద్రమతి వేసిన అమ్మాయి మాత్రం రాగం తగ్గించి మాట పలికింది. సభ నిశ్శబ్దమైంది అప్పుడే.

జాషువా గారి 'శ్మశానవాటి' పద్యాలు మూలంలో లేవు. నటులు తెచ్చి ఈ సీనులో చేర్చుకున్నారు. చావు ముందు హెచ్చుతగ్గులు లేవన్న మాట అంటరానితనం అనుభవించిన కవి నోట వచ్చింది. ఆ మాట రాగంలో కలిసిపోతే చేర్చి ఏం లాభం? పక్కనున్న పిల్లల్ని అడిగాను. పాట బాగుందన్నారు, ఏం చెప్పాడంటే చెప్పలేకపోయారు.

పద్యం ముందే వచ్చినవాళ్లు రాగం కోసం వస్తే తప్పులేదు. మన పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగే ఉంది, చదివే తెలుగు లేదు. వాళ్లు పద్యం మొదటిసారి వినేది ఈ పందిట్లోనే.

ఇది నేను కొత్తగా చెప్పే మాట కాదు. తెలుగు నాటకంలోకి పాటలూ పద్యాలూ తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్లారిలో వకీలు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) కూడా వకీలే. రాగం నటనను మింగకూడదని పట్టుబట్టిందీ, ఆడవేషం ఆడవాళ్లే వేయాలన్నదీ ఆ రాఘవే. నాటకం వారికి బతుకుతెరువు కాదు. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసిన బళ్లారి కూడా మనలాగే సరిహద్దు ఊరు. తెలుగు నాటకానికి దారి చూపినవారిలో మనలాంటి చోటివాళ్లూ ఉన్నారు.

కనుక బృందానికి నా మనవి. ఈసారి ఆడేటప్పుడు పద్యానికి ముందు దాని భావం రెండు వాక్యాల్లో వచనంగా చెప్పండి. పదం విరిగేచోట ఆగండి. కాటిసీనులో వన్స్‌మోర్ ఒప్పుకోకండి. ఈలలు తగ్గితే తగ్గనీయండి. ఇంటికెళ్లాక పిల్లలు ఒక్క పద్యానికైనా అర్థం చెప్పగలిగితే మీ రాత్రుల శ్రమ ఫలించినట్టే.