పూనకానికి రెండో పీట

షామన్ అన్నది సైబీరియా ఎవెంకీల మాట. మిర్చా ఎలియాడే 1951లో షామనిజం మీద పెద్ద పుస్తకం రాసి ఒక కొలబద్ద పెట్టాడు. ఆత్మ ఒంటిని విడిచి పైలోకాలకు పోతే అది అసలుది. దేవతే మనిషి మీదికి దిగితే, అంటే మన పూనకం, అది ముఖ్యం కాదు. పైకి పోయేది గొప్ప, కిందికి దిగేది తక్కువ! ఈ నిచ్చెన మనకేం కొత్త?

మైకేల్ హార్నర్ ఈక్వెడార్ షువార్ల దగ్గర, పెరూ కోనిబోల దగ్గర నేర్చుకున్నాడు. 1980 నాటి పుస్తకంలో ఆయా జనాల సంస్కృతిని వడగట్టేసి, డప్పు మోతతో ఎవరైనా చేసుకోగల సాధనగా అందించాడు. ఇవాళ డబ్బు కట్టి శని ఆదివారాల్లో నేర్చుకోవచ్చు. డప్పు మిగిలింది, జనం జారిపోయారు.

ఇక మన మాతంగిని చూడండి. మాదిగ స్త్రీ. పూనకంలో అగ్రవర్ణాల మీద ఉమ్ముతది, తిడతది. దాంతో మైల పోయిందని వాళ్లే మురుస్తారు. థర్‌స్టన్ 1909లోనే ఇది రాసిపెట్టాడు. తెల్లారితే ఆమె మళ్లీ వాడలోనే. ఎలియాడే లెక్కలో ఆమెది రెండో రకం. హార్నర్ పద్ధతిలోనైతే కులం కూడా వడగట్టాల్సిన సంస్కృతే. కులాన్ని తీసేస్తే ఆ ఉమ్ముకి అర్థమేముంటది?

అట్లని మాతంగి వ్యవస్థను నెత్తిన పెట్టుకోమనడం లేదు. దేవత పేరున ఆడపిల్లల్ని అంకితమివ్వడాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టమే చేయాల్సి వచ్చింది. పూనకం దిగినంక ఆమెకు భూమి ఎవరిస్తరు, తోడు ఎవరుంటరు అని అడగడానికి ఈ రెండు పుస్తకాల్లోనూ చోటు లేదు.