దివ్య సముఖం నుంచి డియర్ సర్ దాకా

సోమవారం వచ్చిందంటే బందరు కలెక్టరేటు దగ్గర అర్జీలు పట్టుకున్న జనం కనిపిస్తారు. గ్రీవెన్స్ డే, మీకోసం, స్పందన, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది గానీ చేతిలో కాగితం మారలేదు. అదే పూట రోల్డ్ గోల్డ్ వ్యాపారి దగ్గర లెక్కలు చూసే కుర్రాడో, గుడివాడలో చేపల మేత అమ్మే ఆఫీసులో పనిచేసే అమ్మాయో కంప్యూటరు ముందు కూర్చుని ‘రెస్పెక్టెడ్ సర్’ అని కొడుతుంటారు. మొదటిది పాతకాలపు బతిమాలుడు, రెండోది కొత్తకాలపు ఉద్యోగ మర్యాద అని మనకో నమ్మకం. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ నమ్మకం నిలవదు.

అర్జీ అచ్చు ఇలా ఉంటుంది: ‘కలెక్టరు గారి దివ్య సముఖమునకు, నాగాయలంక మండలం ఫలానా గ్రామ కాపురస్తుడు ఫలానా వ్రాసుకొను విన్నపము. అయ్యా, సదరు గ్రామంలో నాకు ఎకరం ముప్పై సెంట్లు మాగాణి కలదు. శివారు భూమి అయినందున ఇరవై రోజులుగా కాలువ నీరు అందక నారుమడి ఎండిపోవుచున్నది. లస్కరుకు, ఏఈ గారికి చెప్పుకొన్నను ఫలితము లేదు. కావున తమరు దయయుంచి వంతు ప్రకారం నీరు ఇప్పించ ప్రార్థన. ఇట్లు తమ విధేయుడు.’

ఈమెయిల్ అచ్చు ఇది. సబ్జెక్టు దగ్గర ‘రిగార్డింగ్’ అన్న ఒక్క మాట. కింద: ‘రెస్పెక్టెడ్ సర్, హోప్ యు ఆర్ డూయింగ్ వెల్. విత్ రిఫరెన్స్ టు ది ఎబౌ సబ్జెక్ట్, ప్లీజ్ ఫైండ్ ది అటాచ్డ్ అండ్ కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియెస్ట్. థ్యాంకింగ్ యు సర్.’ పైన చెప్పిన విషయం అంటున్నాడు. పైకి చూస్తే అక్కడ విషయం లేదు.

ముందు సంబోధన. అర్జీలో దివ్య సముఖం, దయయుంచి, ప్రార్థన: ఈ మూడూ దేవుడికి వాడే మాటలు. చదువుకున్నవాళ్లు నవ్వేది వీటిని చూసే. ఈమెయిల్‌లో దేవుడు లేడు గానీ సర్ ఉన్నాడు, మూడు వాక్యాల్లో రెండుసార్లు. పైగా ఈ రెండు వంగుళ్లకూ చుట్టరికం ఉంది. అర్జీ మనదనీ ఈమెయిల్ పరాయిదనీ అనుకుంటాం. కానీ అర్జీ, దరఖాస్తు, సదరు, నకలు వంటి మాటలు బందరు గోల్కొండ సుల్తానుల రేవుగా ఉన్న కాలపు పారసీ దర్బారు భాష తాలూకువి. ఆ రేవులోనే 1611లో ఇంగ్లీషు కంపెనీ తన వర్తక స్థావరం పెట్టుకుంది. ఆనాటి ఇంగ్లీషువాళ్లు కూడా ఉత్తరం చివర తమను ‘అత్యంత విధేయ సేవకుడు’ అనే చెప్పుకునేవారు. మన ‘తమ విధేయుడు’లో ఆ దొరల ముగింపు నీడ కనిపిస్తుంది. వాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. మనం తెలుగులో అర్జీకీ, ఇంగ్లీషులో సెలవు చీటీకీ అంటిపెట్టుకుని ఉన్నాం. వంగడంలో అర్జీ, ఈమెయిల్ అన్నదమ్ములే.

అసలు సరుకు దగ్గరికొస్తే తేడా తెలుస్తుంది. అర్జీలో పొగడ్తలు తీసేయండి. ఎవరు, ఏ ఊరు, ఎంత భూమి, ఎన్నాళ్లుగా, ముందు ఎవరిని అడిగాడు, చివరికి ఏం కావాలి అన్నవన్నీ మిగులుతాయి. ఆ కాగితం ఏ టేబులు మీద పడ్డా పని మొదలుపెట్టవచ్చు. ఈమెయిల్‌లో మర్యాదలు తీసేస్తే అటాచ్‌మెంటు ఒక్కటే మిగులుతుంది. ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అంటే చేయవలసినది చేయమని. ఆ చేయవలసినది ఏమిటో తేల్చుకునే పని చదివేవాడి నెత్తిన పడింది. పైకి వినయం, లోపల పని ఎగవేత. ‘వంతు ప్రకారం నీరు ఇప్పించ ప్రార్థన’ అన్న రైతు, భాషలో ఎంత వంగినా అడగడంలో నిటారుగానే ఉన్నాడు.

అలాగని అర్జీని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కోరిక ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. రోజుకు వందలు చూసే అధికారి అక్కడిదాకా చదువుతాడో లేదో. ఈమెయిల్‌కు పుట్టుకతో వచ్చిన వరం సబ్జెక్టు లైను. తెరవకముందే చదివించే ఆ ఒక్క వరుసలో ‘రిగార్డింగ్’ అనో ‘అర్జెంట్’ అనో రాయడం, దుకాణం బోర్డు మీద ‘దుకాణం’ అని రాయించుకోవడం లాంటిది.

నకళ్ల సంగతి ఇంకా రసవత్తరం. ఆ ఇంగ్లీషు కంపెనీ వాళ్లు లండనుకు పంపే ఉత్తరానికి నకళ్లు తీసి వేరువేరు ఓడల్లో ఎక్కించేవారు, ఒక ఓడ మునిగినా ఇంకొకటి చేరుతుందని. అర్జీ అడుగున ‘నకలు: ఆర్డీవో గారికి, తహసీల్దారు గారికి’ అని ఉంటుంది. కింది వాళ్లకు తెలియాలని కొంత, పైవాళ్లకు తెలుసని బెదిరించాలని కొంత. ఈమెయిల్‌లో కార్బన్ కాపీ పేరుతో వచ్చిన సీసీలో ఆ బెదిరింపు పాలు పెరిగింది. మేనేజరుకు సీసీ పెట్టాడంటే గొడవ ముదిరిందని ఆఫీసంతా అర్థం చేసుకుంటుంది. ఇక బీసీసీకి అర్జీలో సాటి లేదు. దగ్గరగా వచ్చేది ఆకాశరామన్న ఉత్తరం. అందులో రాసినవాడు కనిపించడు, బీసీసీలో చదివేవాడు కనిపించడు. ఒకటి పిరికితనమనీ ఇంకొకటి చాకచక్యమనీ ఎందుకనుకుంటామో ఆలోచించాలి.

భాష దగ్గర రెండూ ఓడిపోయాయి. బందరులో వైద్యుడిగా పేరు తెచ్చుకుని, 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన పట్టాభి సీతారామయ్య ఉత్తరాల మీద చిరునామాలు కూడా తెలుగులోనే రాయాలని పట్టుబట్టిన మనిషి. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. అయినా అర్జీ ‘కలదు, పోవుచున్నది’ దగ్గరే ఆగిపోయింది. ఈమెయిల్ రాసేవాడూ చదివేవాడూ ఇద్దరూ గుడివాడ వాళ్లే అయినా ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. మనం మాట్లాడే తెలుగుకు రెండిట్లోనూ చోటు దొరకలేదు.

దొరికితే ఎలా ఉంటుందో చూద్దాం. పెడన కలంకారీ వ్యాపారి హైదరాబాదు దుకాణానికి రాస్తున్నాడనుకోండి. సబ్జెక్టు: ‘12వ తేదీ బిల్లు: 40 చీరల సొమ్ము తక్కువ వచ్చింది’. కింద: ‘నమస్తే అండీ. మేం పంపినవి 200 చీరలు, మీరు 160కే డబ్బు వేశారు. మీ వాళ్లు సంతకం పెట్టిన రసీదు జతచేశాను. శుక్రవారంలోగా మిగతాది వేయండి. లెక్కలో తేడా మాదే అయితే ఇవాళే ఫోన్ చేయండి.’ ఇందులో దివ్య సముఖం లేదు, హోప్ యు ఆర్ డూయింగ్ వెల్ లేదు. ‘అండీ’ ఒక్కటీ మర్యాద మొత్తం మోసింది. తలకాయ ఈమెయిల్‌ది, ఒళ్లు అర్జీది.

ఇంత తేలికైనది మనకెందుకు కొరుకుడు పడదు? అర్జీ ఒక్కడు రాసేది కాదు, అదీ కారణం. కలెక్టరేటు బయట అర్జీలు రాసిపెట్టేవాళ్లను కాసేపు గమనించండి. రైతు తన గోడు మొదలుపెడతాడు: ‘పైవాళ్లు తూములు ఎత్తేసుకుంటున్నారండీ, మాకు చుక్క దిగట్లేదండీ, మొన్న మా బావమరిది కూడా...’ రాసిపెట్టే ఆయన కలం పట్టుకునే ఆపుతాడు: ‘అది సరేనయ్యా. ఎన్ని ఎకరాలు? ఎన్నాళ్లైంది? ముందు ఎవర్ని అడిగావు? నీకేం కావాలో ఒక్క ముక్కలో చెప్పు.’ అర్జీలో ఉన్న సరుకంతా ఆ నాలుగు ప్రశ్నలు రాబట్టిందే. దివ్య సముఖం ఆయన అలవాటుకొద్దీ వేసిన తోరణం.

ఈమెయిల్ రాసే అమ్మాయికి ఎదురుగా అలా అడిగేవాళ్లు లేరు. ఆమె ముందున్నది పాత మెయిల్ నమూనా, లేదా ఇప్పుడు ఏఐ. ‘ఒక ప్రొఫెషనల్ మెయిల్ రాయి’ అంటే చాలు, ఏఐ క్షణంలో తోరణాలన్నీ కట్టి ఇస్తుంది. మనం అడగమని చెప్పకపోతే ‘ఎన్నాళ్లైంది?’ అని అది సాధారణంగా మనల్ని అడగదు. అందుకే గుడివాడ అమ్మాయి పంపే ముందు ఒక్క నిమిషం అర్జీలు రాసిపెట్టే ఆ మనిషి కుర్చీలోకి మారి, తన మెయిల్ తానే చేతిలోకి తీసుకుని అడగాలి: ‘అది సరేనమ్మా, నీకేం కావాలి?’ జవాబు సబ్జెక్టు లైనులో ఉంటే పంపెయ్యొచ్చు.