చీటీ మీద రాయని మాట

ఈ పుస్తకం రాసిన అమ్మాయి మా వీధి పిల్ల. పెనుబల్లిలో చదువుకుని, బీఫార్మసీ చేసి, హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌లో కుదిరింది. అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదివి జబ్బు జబ్బుకూ కోడు వేసే పని. పదేళ్లు ఆ పని చేసి, నేర్చుకున్నది మన పల్లెల పిల్లల కోసం తెలుగులో పెట్టింది. ‘ముందుమాట మీరే రాయాలి తాతయ్యా’ అని కాగితాల కట్ట నా ఒళ్లో పెట్టి వెళ్లింది. ఒక్క మధుమేహానికే ఇంత పుస్తకమా అనుకుంటూ మొదలుపెట్టాను. నేను వైద్యం మొదలుపెట్టిన నాడే ఇది నా బల్ల మీద ఉంటే ఎంత బాగుండేది!

మన దగ్గర ‘షుగరొచ్చింది’ అంటే ఇంకేమీ అడగరు. కోడుకు అది చాలదు. టైప్ 1 అయితే ఈ10, టైప్ 2 అయితే ఈ11. చుక్క తర్వాతి అంకె, షుగర్ ఒంట్లో ఎందాకా పాకిందో చెబుతుంది: 2 అంటే మూత్రపిండాలు, 3 కళ్లు, 4 నరాలు, ఏ చిక్కూ లేకపోతే 9. గర్భిణికి కొత్తగా వచ్చే షుగర్ ఈ వరుసలోనే ఉండదు, దానిది ఓ24.4. ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు కాబట్టి టైప్ 1 అనుకునే పొరపాటు మీద ఆమె రాసిన అధ్యాయం నాకు బాగా నచ్చింది. టైప్ 2 మనిషి ఇన్సులిన్ మీదున్నా ఈ11లోనే ఉంటాడు, ఇన్సులిన్ సంగతి జెడ్79.4 విడిగా చెబుతుంది. రిపోర్టులో సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9 కనిపించినా కోడరు తానుగా జబ్బు తేల్చకూడదు. డాక్టరు రాయాలి. రాయకపోతే అడగాలి.

అడిగినా డాక్టరు ఏ రకమో రాయకపోతే? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10లో దానికి ఈ14 ఉంది. అమెరికా 2015 అక్టోబరు నుంచి వాడుతున్న కూర్పులో ఈ14 లేదు, రకం రాయనిదంతా ఈ11లో కలిసిపోతుంది. ఆ కూర్పులో ఈ12 కూడా లేదు. తిండి చాలక పెరిగిన ఒంటికి వచ్చే మధుమేహం అది. ఆమె తన ఉద్యోగంలో ఒక్కసారి కూడా వేయని కోడు. అయినా దానికి ఆరు పేజీలు ఇచ్చింది.

ఆ పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. భద్రాచలం వైపు అడవి అంచు గూడెం నుంచి ఒకప్పుడు నా దగ్గరకు ఒక కోయ కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లు, 36 కిలోలు. పిక్కల్లో కండ లేదు. షుగర్ 400 దాటింది. టైప్ 1 అయితే అంత షుగర్‌కు మూత్రంలో కీటోన్లు కనిపించాలి, కనిపించలేదు. వింతగానే అనిపించింది. అయినా చీటీ మీద నేను రాసింది మధుమేహమని చెప్పే ‘డీఎం’ అన్న రెండక్షరాలే. ఆ చీటీతోనే పెద్దాసుపత్రికి పోయాడు. మాత్రలిచ్చి అన్నం తగ్గించమన్నారట. రెండు పూటలా పొయ్యి వెలగని ఇల్లు వాళ్లది. ‘బాగా చిక్కి ఉన్నాడు, కీటోన్లు లేవు’ అని నేనొక్క వాక్యం రాసి ఉంటే అక్కడి డాక్టరు మరోలా ఆలోచించేవాడు. ఆ తప్పు నాది.

తిండి చాలని ఒంటికి వచ్చే ఈ మధుమేహాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో విడి రకంగా గుర్తించింది, 1999లో తీసేసింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభల్లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని టైప్ 5 అని మళ్లీ నిలబెట్టింది. అన్నేళ్లూ ఆ మనుషులు ఏదో ఒక వేరే లెక్కలో పడిపోయారు.

మలి ముద్రణకు ఒక్క మాట చెబుతాను తల్లీ. మన కోయగూడేల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. అలాంటి రక్తంలో హెచ్‌బీఏ1సీ అంకెను నమ్మడానికి లేదు. అది కూడా చేర్చు.

అచ్చయ్యాక నాకు పాతిక ప్రతులు పంపు. ఇక్కడా, వీఎం బంజరలోనూ, సత్తుపల్లిలోనూ ఓపీ చూసే చిన్న డాక్టర్లకు నేనే వెళ్లి ఇస్తాను, ఈ12 పేజీ మూల మడిచి.