ఛార్జీ ఎవరిచ్చారు?

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా పేరు దగ్గరే ఆగిపోతాం. ఇల్లలికీ అలికీ సొంత పేరే మర్చిపోయిన గృహిణి, చివరికి పాత స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే గానీ గుర్తుకురాని పేరు. నిజమే, కథకి ప్రాణం అదే. కానీ ఈమధ్య మళ్లీ చదివితే నన్ను పట్టుకున్నది ప్రయాణం. సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి బయల్దేరకపోతే ఆమెకి పేరూ లేదు, మనకి కథా లేదు. మరి ఆ ఛార్జీ ఎక్కడిది?

'ఇంగ్లిష్ వింగ్లిష్' (2012) సినిమా దీనికి సూటిగా జవాబు చెప్తుంది. న్యూయార్క్‌లో శశి ఇంగ్లిష్ క్లాసుకి కట్టింది లడ్డూలమ్మి సంపాదించుకున్న డబ్బు. అందుకే మొగుడికి తెలీకుండా చేరగలిగింది. ఆ 'తెలీకుండా' అన్నదే నాకు ముఖ్యం. డబ్బుండటం ఒక ఎత్తు, దాని లెక్క ఎవరికీ చెప్పక్కర్లేకపోవడం ఇంకో ఎత్తు. మన అమ్మలకి ఆ రెండోది పోపుల డబ్బా ఇచ్చింది. 2016 నవంబర్ 8 రాత్రి దాన్నీ నడింట్లోకి లాక్కొచ్చింది. ఐదొందల నోట్లు మార్చుకోవాలంటే దాచిన సంగతి చెప్పక తప్పలేదు.

తర్వాత వచ్చిన ఫోన్‌పేలూ గూగుల్‌పేలూ ఆ చాటుని తిరిగివ్వలేదు. చాలా ఇళ్లలో ఖాతా ఆవిడ పేరున ఉంటుంది, బ్యాంకుకిచ్చిన నంబర్ ఆయనది. టికెట్ కొనాలంటే "ఏవండీ, ఓటీపీ వచ్చిందా?" అని అడగాలి. ఇక ఎక్కడికి, ఎందుకు, ఎవరితో... డిజిటల్ అంటే స్వేచ్ఛ అని ఎవరైనా రాస్తే, నంబర్ ఎవరిదండీ అని అడగాలనిపిస్తుంది.

అదే తెలంగాణ జీరో టికెట్ చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. 2025 ఆగస్టు 15న ఆంధ్రలోనూ వచ్చింది. 'పనీపాటా లేక తిరుగుతున్నారు' అని విసుక్కున్నవాళ్లున్నారు. మగవాళ్లని ఎవరూ అలా అడగరు కదా! మిగిలిన రూపాయల కంటే నాకు నచ్చింది, ఇంట్లో చెయ్యి చాపక్కర్లేదు, ఎవరి ఫోనూ టింగుమనదు. (బస్సే రాని ఊళ్ల సంగతి వేరే గొడవ.)

మన కొత్త కథల్లో ఆడవాళ్లు బోలెడు తిరుగుతున్నారు. గోకర్ణ, లడాఖ్, సోలో ట్రిప్పులు. సంతోషమే. సముద్రం ముందు కూర్చుని తనని తాను వెతుక్కోవడం మాత్రం పేజీలకి పేజీలు నడుస్తుంది, టికెట్ ఎవరి కార్డు మీద కొన్నదో ఒక్క వాక్యం ఉండదు. ఆ వాక్యం ఉన్న కథ మీకెక్కడైనా కనిపిస్తే పంపండి, చదవాలనుంది.