వీరుడు ఓడినా కథ ఆగదు

1986 ఫిబ్రవరిలో నింటెండో సంస్థ జపాన్‌లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ వీడియో గేమ్‌ను విడుదల చేసింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా రూపొందించిన ఆ ఆటలో కథ చాలా చిన్నది. హైరూల్ అనే రాజ్యం, రాకుమారి జెల్డా, ఆమెను ఎత్తుకుపోయిన గానన్, ఆమెను విడిపించడానికి కత్తి పట్టిన లింక్ అనే కుర్రాడు. పాతికేళ్ల తర్వాత, 2011 డిసెంబరులో, ‘హైరూల్ హిస్టోరియా’ అనే పుస్తకం వచ్చింది. అప్పటిదాకా వచ్చిన ప్రధాన ఆటలను అది కాలక్రమంలో పేర్చి చూపింది. అందులో తొలి ఆటకు దొరికిన చోటు చూసి అభిమానులు ఆశ్చర్యపోయారు. అది మొదట్లో లేదు. వీరుడు యుద్ధంలో ఓడిపోయాక సాగిన ఒక శాఖలో, దాదాపు చివర ఉంది.

ఈ కథలను కలిపే మొదటి ముడి జన్మ. చాలావరకు ఒక ఆటలోని లింక్ వేరు, మరో ఆటలోని లింక్ వేరు. మధ్యలో తరాలు గడిచిపోతాయి. అన్నిటికంటే ముందు జరిగే కథ ‘స్కైవర్డ్ స్వోర్డ్’ (2011) దీనికి కారణం చెబుతుంది. ఓడిపోయిన డెమైస్ అనే అసురరాజు, తన ద్వేషం మళ్లీ మళ్లీ పుడుతుందనీ, దేవత రక్తం పంచుకున్నవారినీ వీరుడి ఆత్మ ఉన్నవారినీ వెంటాడుతూనే ఉంటుందనీ శపిస్తాడు. జయవిజయులు వైరంతో జన్మలెత్తిన కథ విన్న మనకు ఇది ఇట్టే అందుతుంది. అయితే జయవిజయుల శాపం మూడు జన్మలతో తీరిపోయింది. హైరూల్ శాపానికి గడువు లేదు. కాబట్టి కొత్త కథకు ఎప్పుడూ చోటు ఉంటుంది.

రెండో ముడి వెనక్కి నడవడం. 1987లో వచ్చిన రెండో ఆటలో రౌరు, రూటో, సారియా, నబూరు, దరూనియా అనే ఊళ్లు ఉన్నాయి. అప్పటికి అవి ఊళ్ల పేర్లు మాత్రమే. 1998లో ‘ఒకరినా ఆఫ్ టైమ్’ ఎంతో పూర్వకాలపు కథ చెబుతూ ఆ పేర్లనే రాజ్యాన్ని కాపాడిన జ్ఞానులకు పెట్టింది. దాంతో పదకొండేళ్ల కిందటి ఆటలోని ఊళ్లు ఆ మహనీయుల స్మృతిగా మారిపోయాయి. పాత ఆటలో ఒక్క అక్షరం కూడా మార్చకుండానే దానికి గతాన్ని సమకూర్చారు.

‘ఒకరినా’లో కాలమే కథ. పదేళ్ల లింక్ కాలాలయంలో మాస్టర్ స్వోర్డ్ అనే కత్తిని పీఠం నుంచి లాగగానే ఏడేళ్ల నిద్రలోకి జారుకుంటాడు. లేచేసరికి రాజ్యం గానన్ మానవరూపమైన గానన్‌డార్ఫ్ చేతిలో ఉంటుంది. అక్కడి నుంచి అతను బాల్యానికీ యౌవనానికీ మధ్య తిరుగుతూ పోరాడతాడు. కకరికో ఊళ్లో గాలిమర దగ్గర ఉండే వాద్యకారుడు, ఏడేళ్ల కిందట ఎవరో పిల్లవాడు ఒకరినా అనే వాద్యం మీద ఊది నానా బీభత్సం చేసిన తుపాను పాటను లింక్‌కు నేర్పుతాడు. లింక్ బాల్యంలోకి వెళ్లి అదే పాట ఊదుతాడు. ఆ పిల్లవాడు తనే! మరి ఆ పాటను మొదట కట్టింది ఎవరు? ఆట ఆ ప్రశ్నను తేల్చకుండా వదిలేస్తుంది.

గెలిచాక జెల్డా అతన్ని బాల్యానికి పంపేస్తుంది. కాలం చీలేది ఇక్కడే. వీరుడు వెళ్లిపోయిన భవిష్యత్తు ఒక శాఖ, అతను తిరిగి చేరిన బాల్యం మరొకటి, అతను పోరులో ఓడిపోయి ఉంటే సాగే చరిత్ర మూడోది. మొదటి శాఖలోని ‘విండ్ వేకర్’ (2002)లో గానన్ మళ్లీ లేస్తాడు. వీరుడు రాడు. దేవతలు హైరూల్‌ను సముద్రంలో ముంచేస్తారు. మిగిలిన దీవుల్లో ఒకచోట, వీరుడి వయసుకు వచ్చిన అబ్బాయికి పచ్చని దుస్తులు తొడిగే ఆనవాయితీ మిగులుతుంది. ఎందుకో వాళ్లకు పూర్తిగా గుర్తులేదు, కానీ తొడుగుతారు. సముద్రం అడుగున రాజకోటలో జ్ఞానుల బొమ్మలున్న రంగుటద్దాలు ఇంకా నిలిచి ఉంటాయి.

రెండో శాఖ ఇంకా బాధగా ఉంటుంది. బాల్యానికి తిరిగొచ్చిన లింక్ చేసిన సాహసం ఆ ప్రపంచంలో జరగనే లేదు. అతన్ని వీరుడని ఎవరూ గుర్తించరు. ‘ట్వైలైట్ ప్రిన్సెస్’ (2006)లో కవచం తొడిగిన ఒక అస్థిపంజరం కొత్త లింక్‌కు ఏడు కత్తి విద్యలు నేర్పుతుంది. తన విద్యను తర్వాతివారికి అందించలేకపోయానన్న బాధ ఇప్పటికి తీరిందని చెప్పి సెలవు తీసుకుంటుంది. ఆ యోధుడు ‘ఒకరినా’ లింకేనని ‘హైరూల్ హిస్టోరియా’ వెల్లడించింది. ఈ సంగతి తెలిశాక ఆ సన్నివేశాన్ని మామూలుగా చూడలేం.

కొన్ని ముడులకు మాటలే అక్కర్లేదు. 1991 ఆటలో కోజి కొండో కట్టిన బాణీ ‘ఒకరినా’లో జెల్డా జోలపాట అయింది. ‘స్కైవర్డ్ స్వోర్డ్’లో వినిపించే దేవత గీతం ఆ జోలపాటను తిరగేసి వాయించినదే. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ (2017)లో కాలాలయం కూలిన గోడలతో కనిపిస్తుంది. పాత ఆటలు తెలియనివారికి అది ఒక శిథిలం. తెలిసినవారికి తమ చేతుల మీదుగా నడిచిన చరిత్ర.

ఇదంతా తర్వాత కుట్టిన అతుకు అనేవారున్నారు. తొలిరోజుల్లోనే మూడు శాఖలు గీసుకుని ఎవరూ కూర్చోలేదన్నది నిజమే. కానీ గొప్ప ఇతిహాసాలన్నీ అలాగే పెరిగాయి. చెప్పేవాళ్లు మారుతున్నా, విన్నదాన్ని గౌరవిస్తూ కొత్తది చేర్చడమే వాటి పద్ధతి. అనేక ఆటల్లో ‘గేమ్ ఓవర్’ అంటే చెరిపేసే పొరపాటు. ఇక్కడ ఓటమికి కూడా వారసులున్నారు.

కొత్తగా ఆడాలనుకునేవారు కాలక్రమం పట్టిక చూసి బెదరనక్కర్లేదు. ముందు ‘ఒకరినా’, ఆ తర్వాత ‘విండ్ వేకర్’ ఆడండి. ఒకదానిలో మీరు స్వయంగా చేసిన పని రెండోదాని ఆరంభంలో జనం చెప్పుకునే ప్రాచీన గాథగా వినిపిస్తుంది. వాళ్లు కొంత మరిచిపోయారని మీకు తెలుస్తుంది. ఒక చరిత్రకు సాక్షిగా ఉండి, అది గాథగా మారడాన్ని కూడా చూడగలగడం చదివితే వచ్చే అనుభవం కాదు. ఆడితేనే దక్కుతుంది.