ఇంగ్లీషు పాఠంలో అమ్మ పని

వీరులపాడు మండలంలో (అప్పుడది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా) ఓ బడిలో కొన్నేళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని కుటుంబం గురించి ఐదు వాక్యాలు రాయమంటే దాదాపు అందరూ ఒకే మాట రాశారు: 'మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్'. మిరప కోతల రోజులవి. తెల్లారకముందే వంట ముగించి, ముఠాతో ఆటో ఎక్కి కూలికి పోయి, పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లులు వాళ్లు. పిల్లల్ని అనడానికేం లేదు. నల్లబల్ల మీద ఆ వాక్యాన్ని నమూనాగా రాసింది నేనే.

ఇంగ్లీషు బోధనలోకి విలువల్నీ స్థానిక సంస్కృతినీ తీసుకురావాలని మనం సదస్సుల్లో పత్రాలు చదువుతుంటాం, అవేవో బయటినుంచి తెచ్చి కలపాల్సినవైనట్టు. విలువలు పాఠంలో ముందునుంచే ఉన్నాయి. వ్యాకరణం అభ్యాసంలో నాన్న పక్కన పని, అమ్మ పక్కన ఇల్లు.

2019 నవంబరులో ప్రభుత్వ బడుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వు వచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ తెలుగా, ఇంగ్లీషా అని ఎంత వాదించుకున్నాం! ఇంగ్లీషు దళిత బహుజన పిల్లల హక్కన్న మాటతో నాకు పేచీ లేదు. 1854లోనే సావిత్రీబాయి ఫూలే ఇంగ్లీషు చదువుని ఆహ్వానిస్తూ కవిత్వం రాసింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలూ వచ్చాయి. కానీ ఏ పేజీలోనైనా అమ్మ ఎలా కనిపిస్తుందన్నది మన చర్చల్లోకి రాలేదు.

స్థానిక సంస్కృతి అనగానే మా వైపు గుర్తొచ్చేది పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు. ఒక ఏడాది ఆ కథే పాఠంగా చెప్పాను. అత్తింటి ఆరళ్లు పడి, చివరికి అగ్నిలో కలిసి దేవతైన కోడలి కథ. పిల్లలు పేషెన్స్, శాక్రిఫైస్ అన్న మాటలు చక్కగా నేర్చుకున్నారు. తోటి టీచర్లు మెచ్చుకున్నారు కూడా. ఒక్క పిల్ల మాత్రం లేచి, "ఆమె పుట్టింటికి ఎందుకు పోలేదు టీచర్?" అంది. ఇంగ్లీషులో అడగమన్నాను. కూర్చుండిపోయింది. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆ రోజు పాఠం మొత్తంలో విమర్శ అన్నది ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది, నేను దాన్ని భాష పేరుతో ఆపేశాను.

అదే పెనుగంచిప్రోలులో 1874లో భండారు అచ్చమాంబ పుట్టింది. బడి మొహం చూడకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు పక్కన కూర్చుని నేర్చుకుంది. స్త్రీలు అబలలనీ, చదువుకు పనికిరారనీ అనేవాళ్లకు జవాబుగా స్త్రీల జీవితాలు సేకరించి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. అందులో పాతివ్రత్యానికీ పెద్దపీటే వేసింది, కాదనను. ఆమెతోనూ తగువు పడొచ్చు. తగువు పడాలంటే ముందు తెలియాలి కదా! ఏటా తిరునాళ్లకెళ్లే మా పిల్లల్లో ఒక్కరికీ ఆ పేరు తెలియదు. నాకైనా పీజీలోనే తెలిసింది. చూడని డాఫొడిల్ పూలు మాత్రం డిగ్రీలోనే కంఠతా వచ్చేశాయి.

తర్వాత పద్ధతి మార్చాను. అమ్మ రోజంతా ఏం చేసిందో ఆమెనే తెలుగులో అడిగి, వచ్చినంత ఇంగ్లీషులో రాయమన్నాను. 'మై మదర్ పిక్స్ చిల్లీస్. హర్ హ్యాండ్స్ బర్న్ ఎట్ నైట్' అని రాసిందో పిల్ల. ఆ కింద, 'ఫాదర్ గెట్స్ మోర్ కూలి. వై?'

'కూలి' కొట్టేసి 'వేజెస్' అని దిద్దబోయి, ఎర్రపెన్ను మూత పెట్టేశాను.